నూట ఇరవై గళ్ల గోడ

పెద్ద చెరువు చాలా ఏళ్లకు నిండి అలుగు దూకిన ఏడాది ఒకటుంది. ఇబ్రహీంపట్నంలో పెళ్లయినా, కాన్పయినా, బర్రె ఈనినా ఇప్పటికీ ఆ ఏడాదికి ముందా, తరువాతా అనే లెక్క చెబుతారు. ఈ గోడ సంగతి జరిగింది అలుగు దూకిన రెండో ఏడు, వానలు వెనక్కిపోయి ఎండ కాస్త మెత్తబడిన రోజుల్లో.

ఆ గురువారం పొద్దున ఈశ్వరయ్య అనుకున్న పని పెద్దదేమీ కాదు. చాయ్ తాగాలి. దివాకర్ జిరాక్సు దుకాణంలో బొమ్మ తీసుకోవాలి. మధ్యాహ్నానికి బడి గోడ మీద గళ్లు కొట్టాలి. శుక్రవారం సాయంత్రానికి రంగులు పూర్తి కావాలి. శనివారం బడి పండుగ.

ఈశ్వరయ్య గోడల మీద రాతలు రాసేవాడు. సాగర్ రోడ్డు పొడవునా "ప్లాట్లు అమ్మబడును" అని ముప్పై ఏళ్లు రాశాడు. మూడో తరగతితోనే బడి మానేసినా అతని అక్షరం తూకం వేసి పెట్టినట్టు ఉండేది. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఆరేళ్లుగా అతని కుంచెలు నూనె డబ్బాలో నిలబడే ఉన్నాయి. ఇన్నాళ్లకు బడి మేడం మంజుల పిలిచి, ముందు గోడ మీద నూరేళ్ల తరువాతి ఊరిని గీయమంది. శుక్రవారం సాయంత్రానికి పూర్తికాకపోతే ఫ్లెక్సీ కట్టిస్తానని కూడా చెప్పింది.

"ఈ గోడ గిట్ల కుదరకపోతే ఏం జేస్తవ్?" అని చాయ్ గ్లాసు అందిస్తూ అడిగింది భార్య రుక్మాబాయి.

"చెప్పిన గదా."

"మళ్ల చెప్పు. నా చెవులతోని వింట."

"రావిర్యాల దిక్కు గోదాముల వాచ్‌మన్ పనికి పోత."

"కుంచెలు?"

"ఎవరికన్న ఇచ్చేస్త."

రుక్మాబాయి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఊరందరి ప్లాట్లు గోడల మీద రాస్తివి. మనకేమో పూలకుండి పెట్టుకునే జాగ లేకపాయె. ముప్పయేండ్ల సంది కిరాయి ఇల్లే. ఇప్పుడు నూరేండ్ల తర్వాత ఊరట. అప్పటికి కిరాయి ఎంతుంటదో అది గూడ రాయి."

ఈశ్వరయ్య ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచాడు. అతనికి మాటలు తక్కువ. అడిగినదానికి జవాబు ఉంటే ఒక ముక్కలో చెబుతాడు, లేకపోతే అదీ లేదు. ఈ గుణం వల్ల ముప్పై ఏళ్లలో ఎవరితోనూ తగవు రాలేదు. ఆ రెండు రోజుల్లో మాత్రం వచ్చినవన్నీ దానివల్లే వచ్చాయి.

దివాకర్ దుకాణం బస్టాండు ఎదురుగా ఉంది. ఊళ్లో మొదటి ఫ్లెక్సీ మిషను తెచ్చింది అతనే. అంటే ఈశ్వరయ్య కుంచెలను డబ్బాలో నిలబెట్టింది కూడా అతనే. ఇద్దరూ ఆ సంగతి ఎత్తుకోరు. చాయ్ మాత్రం రోజూ కలిసి తాగుతారు.

"కాక, ఈ ఫోన్ల ఒకటున్నది. మనం నోటితో చెప్తె అదే బొమ్మ గీస్తది," అన్నాడు దివాకర్. "చెప్పు. నూరేండ్లకు మనూరు ఎట్లుంటది?"

ఈశ్వరయ్య కొంచెంసేపు ఆలోచించాడు. "చెరువు ఉండాలె."

"ఉంటది. ఇంకా?"

"నిండ ఉండాలె."

"నీళ్లు గాదు కాక, జర సైన్సు చెప్పు."

"బస్సులు గాల్ల పోవాలె. చెరువు మీదికెల్లి." ఆగి, "టైముకు రావాలె," అన్నాడు.

దివాకర్ అదంతా ఫోనుకు చెప్పాడు. గాజు మేడలు, పాలక్యాన్లు మోసే ఇనుప మనిషి, ఒడ్డున మేసే బర్రె తన వంతుగా కలిపాడు. అర నిమిషంలో బొమ్మ వచ్చింది. ఈశ్వరయ్య కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు.

"బర్రెకు అయిదు కాళ్లున్నయి."

రెండోసారి కాళ్లు నాలుగే వచ్చాయి కానీ చెరువు మాయమైంది. మూడోసారి చెరువు వచ్చింది, బర్రె గాలిలో తేలింది, బస్సు గడ్డి మీద నిలబడింది. ఏడోసారికి అన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి. ఎడమవైపు సూర్యుడు పొడుస్తున్నాడు. కింద నిండు చెరువు. పైన వరసగా ఎగిరే బస్సులు. నడుమ మేడలు. ఎడమ అంచున కొంత పచ్చిక, ఖాళీగా. చూస్తుంటే ఈశ్వరయ్యకు ఆ ఊరికి ఒకసారి పోయి రావాలనిపించింది. కానీ ఒక మేడ మీద ఉన్న బోర్డు దగ్గర అతని చూపు ఆగిపోయింది.

"ఇది ఏ భాష?"

"ఏ భాష గాదు కాక. అక్షరాల లెక్క కనవడుతయి గని అక్షరాలు గావు. దీనికి రాయరాదు."

"చదువుకోలేదా?"

"లోకంల ఉన్నయన్ని చదివిందట."

ఈశ్వరయ్యకు ఫోను మీద జాలి కలిగింది. "పోనీ. బోర్డు నేను రాస్త," అన్నాడు.

దివాకర్ బొమ్మను పెద్ద కాగితం మీద తీసిచ్చాడు. చిన్న బొమ్మను గోడకు ఎక్కించాలంటే ఈశ్వరయ్య పద్ధతి ఒకటే. కాగితం మీద గళ్లు గీసి నంబర్లు వేస్తాడు. గోడ మీదా అన్నే గళ్లు, అవే నంబర్లు. తరువాత ఒకటో గడిలో ఉన్నది ఒకటో గడిలో, రెండో గడిలో ఉన్నది రెండో గడిలో దించుకుంటూ పోతాడు. దుకాణం బల్ల మీదే కూర్చుని అడ్డం పన్నెండు, నిలువు పది, మొత్తం నూట ఇరవై గళ్లు స్కేలు పెట్టి గీశాడు. గీత కొంచెమైనా వంకర పోలేదు. దివాకర్‌కు ముచ్చటేసింది. ఫోటో తీసి, "నూరేండ్లకు మనూరు. మా ఈశ్వరయ్య కాక పని," అని తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు.

ఇబ్రహీంపట్నంలో మేడలు, రోడ్లు, పచ్చిక, వాటి మీద నంబర్లు వేసిన గళ్లు ఉన్న కాగితానికి ఒకటే అర్థం, కొత్త ప్లాట్ల వెంచరు. దాని కింద రాసింది ఎవరూ చదవరు.

మధ్యాహ్నం ఈశ్వరయ్య నూలుదారాన్ని సున్నంలో ముంచి, గోడకు బిగబట్టి, వదులుతూ గీతలు కొడుతున్నాడు. ప్లాట్ల హద్దులకు పోసేదీ ఆ సున్నమే. బొగ్గుతో నంబర్లు వేస్తూ నలభై దాకా వచ్చేసరికి వెనక బైకు ఆగింది. దిగినవాడు భూపాల్. ఆదిబట్ల నుంచి యాచారం దాకా ఏ బిట్టు భూమి ఎవరిదో చెప్పగల బ్రోకరు.

"ఈశ్వరన్నా, ఎవలది ఇది?"

"బడిది."

"బడోళ్లు గూడ దిగిన్రా? మొత్తం ఎన్ని?"

"నూట ఇరవై."

"ఎప్పటికల్లా అయిపోతది?"

"రేపు సాయంత్రం."

భూపాల్ గొంతు తగ్గించాడు. "అంత జల్దియా. బయటికి చెప్పలేదేందే?"

"ఎవరూ అడగలె."

భూపాల్ గోడకు ఆనించిన కాగితాన్ని ఎత్తి చూశాడు. మేడ మీది బోర్డు చదవడానికి ప్రయత్నించాడు. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, ఉర్దూ కాదు. "బయటి దేశం కంపెనీ," అని తనలో తాను అనుకుని, ఫోటో తీసుకుని, బైకు కొట్టి వెళ్లిపోయాడు. ఈశ్వరయ్య నలభై ఒకటి వేశాడు.

నంబర్లు ముగించి, బొగ్గుముక్కలు, ఎక్కే స్టూలు అక్కడే వదిలి అన్నానికి ఇంటికి పోయాడు. రుక్మాబాయి పప్పు వడ్డిస్తూ, ఎన్నడూ లేనిది, గోడ గురించి అడిగింది.

"ఆ బొమ్మల సూర్యుడు ఏ దిక్కున్నడు?"

"ఎడమకు."

"అంటే ఎడమ లైను తూర్పు." ఇంకో గరిటె వేసింది. "ఆ లైనుల నడుమ ఏమొస్తది? మేడనా?"

"ఏం లేదు. గడ్డి. ఖాళీ."

"ఊఁ," అంది రుక్మాబాయి. అతడు తిన్న తరువాత కాసేపు నడుం వాల్చాడు. లేచేసరికి ఆమె ఇంట్లో లేదు. కూరగాయలకు పోయి ఉంటుందనుకున్నాడు.

తిరిగి గోడ దగ్గరికి వచ్చేసరికి అక్కడ పాతిక మంది ఉన్నారు. భూపాల్ స్టూలు మీద నిలబడి ఉన్నాడు. గళ్లలో నంబర్ల పక్కన బొగ్గుతో పేర్లు ఎక్కుతున్నాయి.

"నాకు నంబరుల అంకెలు కలిపితే తొమ్మిది రావాలె," అంటోంది బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నడిపే నర్సింహమ్మ. "అరవై మూడు రాయి."

"అరవై మూడుకు ముంగట బర్రె ఉన్నదే అక్కా."

"ఉండనీ. పాలకు పనికొస్తది."

"పైన పన్నెండింటికి నేల లేదు గదనే, అంత మొగులే ఉన్నది," అని ఒకాయన అనుమానపడ్డాడు.

"అవి పెంట్‌హౌసులు," అన్నాడు భూపాల్. "వాటికి డిమాండు ఎక్కువ."

కింది వరసల దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు. "అవి చెరువుల ఉన్నయి. అలుగు దూకిన్నాడు చెరువుల కట్టుకున్నోళ్ల గతి చూసినం గదా," అని నర్సింహమ్మ తేల్చేసింది. అయినా ఇద్దరు ముగ్గురు ధైర్యవంతులు వాటినీ తీసుకున్నారు.

ఈశ్వరయ్య గుంపు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. అతని జీవితంలో అంతమందితో ఒకేసారి మాట్లాడింది లేదు.

"ఇది బొమ్మ," అన్నాడు.

భూపాల్ నవ్వాడు. "అన్నా, ఏ వెంచరైనా ముందు బొమ్మనే గదా."

 ముప్పై ఏళ్లలో ఈశ్వరయ్య చూసింది కూడా అదే.

"అమ్మేది లేదు," అన్నాడు మళ్లీ.

 "విన్నరా," అన్నాడు భూపాల్ మెల్లగా. "లోపల్లోపల అయిపోతున్నయి." ఆ మాటతో మిగిలిన గళ్లన్నీ పావుగంటలో నిండాయి. ఒకడు వచ్చిందే చివర. దొరకక, తిట్టుకుంటూ, ఎవరికో ఫోన్ చేస్తూ వెళ్లిపోయాడు.

చీకటి పడేదాకా ఎవరూ కదల్లేదు. ఎవరి గడి ముందు వాళ్లు నిలబడి చూసుకున్నారు. పక్కపక్క గళ్లు తీసుకున్న ఇద్దరు అన్నదమ్ములు ఇల్లు ఎటువైపు కడితే బాగుంటుందో తగువుపడి, మాటలు మానేసి, చెరో దారిన పోయారు. ఈశ్వరయ్య రంగు డబ్బా మూత తీయనేలేదు.

శుక్రవారం పొద్దున మంజుల మేడం గోడ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఫోను మోగుతూనే ఉంది.

"ఇప్పటికి పద్నాలుగు మంది తల్లిదండ్రులు ఫోన్ చేసిన్రు పెద్దయ్యా. బడి అమ్ముతున్నరా, పిల్లలకు టీసీలు ఇస్తరా అని అడుగుతున్నరు. మా అత్తమ్మ గూడ చేసింది. నాకు చెప్పకుంట ఎట్ల అమ్మినవ్ అంటున్నది."

"అమ్మలేదు."

"నాకు తెల్వదా? ఈ పేర్లేంది? ఒక్క చుక్క రంగన్న పడ్డదా?" ఆమె కోపంగా అనలేదు. అలసిపోయి అంది. "నీ రాత మంచిగుంటదని నేనే పిలిచిన. గని రేపు వచ్చెటోళ్లకు ఇది చూపించలేను. దివాకర్‌కు ఫ్లెక్సీ చెప్పేసిన. పది గంటలకు కడతడు."

ఈశ్వరయ్య సంచి విప్పి, కుంచెలను ఒక్కొక్కటే గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. వాటిని ఎవరికి ఇవ్వాలో అప్పటిదాకా ఆలోచించలేదు. ఆలోచించినా ఎవరూ గుర్తుకు రాలేదు.

పది గంటలకు దివాకర్ ఫ్లెక్సీ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ఈశ్వరయ్య ముఖం వైపు చూడలేదు. "కాక, నేను ఒద్దన్న. మేడం ఇంకొకలకు చెప్తనన్నది," అని గొణిగి, మేకు కొట్టడానికి సుత్తి ఎత్తాడు.

"గోడ ముట్టొద్దు."

అన్నది వెనకనుంచి వచ్చిన కొత్త మనిషి. చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. ప్లాన్లకు అనుమతులిచ్చే ఆఫీసు నుంచి వచ్చిన పరమేశ్వర్ సారు. బిట్టు దొరకనివాడు రాత్రే ఫిర్యాదు పెట్టాడట. సారు మాట్లాడకుండా గోడకు జిగురు పూసి ఒక నోటీసు అంటించాడు. అనుమతి లేని లేఅవుట్ అని అనుమానం. విచారణ అయ్యేదాకా ఉన్నది ఉన్నట్టే ఉండాలి. దేన్నీ కట్టకూడదు, కప్పకూడదు.

దివాకర్ సుత్తి దించాడు. నిన్నటి గుంపులో సగం మంది అప్పటికే మళ్లీ చేరారు.

"దీనికి ఓనరు ఎవరు?" అని అడిగాడు సారు.

గుంపు ఒక అడుగు వెనక్కి జరిగింది. "నేను బస్సు కోసం నిలబడ్డ సార్," అన్నాడు భూపాల్. బస్టాండు అక్కడికి అర కిలోమీటరు.

"గీసింది నేను," అన్నాడు ఈశ్వరయ్య.

"సర్వే నంబరు?"

"లేదు."

"మరి ఈ జాగ ఎక్కడున్నది?"

"ఈడ లేదు."

"ఎక్కడా లేని జాగను గళ్లు చేసి నంబర్లు వేసినవా?"

"నూరేండ్లకు ఉంటది."

సారు పెన్ను ఆపి అతని వైపు పరీక్షగా చూశాడు. ఆయన ఉద్యోగంలో ఇలాంటి మాట చాలామంది చెప్పారు కానీ ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు. ఈశ్వరయ్య కాగితం చేతికిచ్చాడు. దివాకర్ ముందుకొచ్చి ఫోను సంగతి, గళ్ల సంగతి, స్టేటస్ సంగతి అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. సారు ఎగిరే బస్సులను, ఇనుప మనిషిని, బర్రెను చూశాడు. కాళ్లు లెక్కపెట్టినట్టు కూడా కనిపించింది.

"నాకు అర్థమైంది పెద్దాయన. గని నా రిపోర్టుల లేఅవుటా, కాదా, రెండే ఉంటయి. కాగితం మీద బొమ్మ ఉన్నది, నిజమే. గోడ మీద ఏమున్నది? సున్నం గీతలు, నంబర్లు, పేర్లు. దీన్ని బొమ్మ అని రాస్తె నా నౌకరి ఉంటదా?"

"రంగు వేస్తె బొమ్మ అయితది."

"ఎప్పటికల్లా?"

"ఈ సాయంత్రం."

సారు గడియారం చూసుకుని, నోటీసు కింద పెన్నుతో ఒక వాక్యం కలిపి, చదివి వినిపించాడు. సాయంత్రం అయిదు గంటల లోపల సదరు ఈశ్వరయ్య ఈ గోడను బొమ్మగా మార్చి చూపించాలి. అందాకా ఇంకెవరూ గోడను ముట్టుకోరాదు. కాని పక్షంలో గోడ తొలగించబడును.

మంజుల మేడం ఫ్లెక్సీని చూసింది, నోటీసును చూసింది, ఈశ్వరయ్యను చూసింది. "ఇంక నన్నేం అడుగుతవ్ పెద్దయ్యా. ఆర్డరే వచ్చింది గదా," అంది.

ఈశ్వరయ్య గుడ్డ విప్పాడు. ఆరేళ్ల తరువాత కుంచె మళ్లీ గోడను తాకింది.  ఒకటో గడిలో మబ్బు, రెండో గడిలో బస్సు ముక్కు, మూడో గడిలో బస్సు కిటికీలు. ఒక్కొక్క కుంచె దెబ్బకు ఒక్కొక్క పేరు పోతోంది. దివాకర్ ఫ్లెక్సీని విప్పి, రంగు నేల మీద పడకుండా గోడ కింద పరిచాడు. అడగకుండానే డబ్బాలు అందించడం మొదలుపెట్టాడు.

గుంపు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎవరి గడిలో ఏం పడుతుందోనని చూస్తూ నిలబడ్డారు.

"నా బిట్టు మీదికెల్లి బస్సు పోనిస్తున్నవ్ అన్నా," అన్నాడు భూపాల్ బాధగా.

"రూటు అదే," అన్నాడు ఈశ్వరయ్య.

అరవై మూడులో నల్లగా బర్రె లేచి నిలబడేసరికి నర్సింహమ్మ దగ్గరికి వచ్చి కాళ్లు లెక్కపెట్టింది. నాలుగు. ఆమె ముఖం విప్పారింది. "ఈశ్వరన్నా, మా హోటల్ గోడ మీద గూడ ఒక బర్రెను గియ్యి. వచ్చే వారం రా. గని నంబర్లు పెట్టకు," అంది. అందరికీ చాయ్ పంపింది. మాటలు మానేసిన అన్నదమ్ముల గళ్లలో ఒకే మేడ చెరో సగం వచ్చింది. తలుపు ఒకటే. ఇద్దరూ దాన్ని చాలాసేపు చూశారు.

నాలుగున్నరకు మేడ మీది బోర్డు దగ్గరికి వచ్చాడు. ఫోను గీసిన పిచ్చి గీతల చోట నిండు అక్షరాలతో "ఇబ్రహీంపట్నం" అని రాశాడు. దివాకర్ ఆ సున్నలు తిరిగిన తీరు చూసి ముక్కు తుడుచుకున్నాడు.

అయిదుకు పది నిమిషాలుండగా ఒక్క గడి మిగిలింది. ఎడమ వరస, నడుమ, అరవై ఒకటో నంబరు. వట్టి పచ్చికే కదా అని చివరికి ఉంచుకున్నాడు. ఈశ్వరయ్య కుంచెను ఆకుపచ్చలో ముంచి, చెయ్యెత్తి, ఆగిపోయాడు. గడిలో బొగ్గుతో ఒక పేరు ఉంది. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చివరిది చోటు చాలక గీత మీదికి ఎక్కింది. సంతకం మాత్రమే నేర్చుకున్న మనిషి రాత అది. ఆ సంతకం నేర్పింది ఈశ్వరయ్యే, పెళ్లయిన కొత్తలో, పలక మీద.

రుక్మాబాయి.

సారు అయిదింటికి వచ్చాడు. గోడను ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూశాడు. ఫోటో తీశాడు. "ఈ బస్సులకు పర్మిటు," అని మొదలుపెట్టి, "అది వేరే డిపార్టుమెంటు," అని తనే సర్దుకున్నాడు. అరవై ఒకటి దగ్గర ఆగాడు.

"ఇదొక్కటి ఇడిసిపెట్టినవేంది?"

"రేపు చేస్త."

"ఎవరిది?"

ఈశ్వరయ్య కుంచె కడుక్కుంటున్నాడు. "ఇంటోళ్లది," అన్నాడు.

 సారు రిపోర్టులో "బొమ్మ" అని రాసి, సంతకం చేసి, నోటీసును తానే గోరుతో గీకి తీసేశాడు.

ఆ రాత్రి రుక్మాబాయి అన్నంలోకి రెండు కూరలు వండింది.

మరునాడు పొద్దున, బడి గేటు తెరవకముందే, ఈశ్వరయ్య సన్న కుంచెతో గోడ దగ్గరికి పోయాడు. అరవై ఒకటో గడిలో పచ్చిక మీద చిన్న ఇల్లు గీశాడు. తలుపు సూర్యుడి వైపు పెట్టాడు. గడప పక్కన పూలకుండి, తలుపు మీద బియ్యపుగింజంత అక్షరాలతో యజమానురాలి పేరు. చుట్టూ గాజు మేడలు ఉన్నా ఆ ఒక్క ఇంటికి పెంకులే వేశాడు. ముగించి వెనక్కి తిరిగేసరికి రుక్మాబాయి పాల గిన్నెతో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. గోడకు దగ్గరగా వచ్చి, వంగి, ఇంటిని పైనుంచి కిందికి చూసింది.

"కిటికీ జర చిన్నగైంది," అంది.

ఈశ్వరయ్య మళ్లీ రంగు కలిపి కిటికీ పెద్దది చేశాడు.